కాలువ తేదీ అడుగుతుందా?

2025 ఆగస్టు 30న కుప్పం మండలం పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కృష్ణా నీళ్ళకు జలహారతి ఇచ్చారు. శ్రీశైలం వెనుక జలాల్లో మల్యాల దగ్గర ఎత్తిపోసిన నీళ్ళవి. హంద్రీ-నీవా ప్రధాన కాలువ పట్టి కర్నూలు, అనంతపురం సీమలు దాటి, పుంగనూరు బ్రాంచి కాలువలో పడి, మదనపల్లె ప్రాంతం మీదుగా వచ్చి, పెద్దపంజాణి మండలంలో కుప్పం బ్రాంచి కాలువలోకి మళ్ళి, అక్కణ్ణుంచి ఇంకో నూటనలభై చిల్లర కిలోమీటర్లు నడిచాయి. మొత్తం ఏడువందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. దానికి ఏడాదిన్నర ముందు, 2024 ఫిబ్రవరిలో, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి రామకుప్పం మండలంలో ఇదే కాలువకు నీళ్ళు వదిలారు. ఎవరి నీళ్ళు నిజం నీళ్ళన్న వాదన ఆ దారి ఊళ్ళ టీ కొట్ల దగ్గర ఇప్పట్లో తెగేది కాదు. దాని జోలికి నేను పోను. నాకు ఆ కాలువలో కనబడే లెక్క వేరే.

పెద్దపంజాణి దగ్గర కాలువ తలుపు ఒక్క రోజు ఎత్తి మళ్ళీ దించేశారనుకోండి. ఆ ఒక్క రోజు నీళ్ళు కుప్పానికి ఒక్క రోజులోనే రావు. ముందు సన్నగా మొదలై, ఒక రోజుకు బాగా పెరిగి, తర్వాత తోకలాగా సాగి సాగి ఆగిపోతాయి. సరే, అదే తలుపు పది రోజులు ఆగి ఎత్తామనుకుందాం. అచ్చం అదే తీరులో, పది రోజులు ఆలస్యంగా వస్తాయా? వస్తే ఆ కాలువ షిఫ్ట్ ఇన్వేరియంట్ సిస్టమ్. ఇన్‌పుట్‌ను ఎంత జరిపితే ఔట్‌పుట్ కూడా అంతే జరగాలి, ఆకారం మాత్రం ఇసుమంతైనా మారకూడదు. ఇంతకు మించి ఆ మాటలో ఏమీ లేదు. ఆ వ్యవస్థకు తేదీతో పనిలేదు, ఎంత వచ్చిందన్నదొక్కటే దానికి కావాలి.

మదనపల్లెలోనూ కుప్పంలోనూ ఇంజనీరింగు కాలేజీలున్నాయి. అక్కడి ఎలక్ట్రానిక్స్ పిల్లలు డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ పేపర్లో ఈ నిర్వచనాన్ని కచ్చితంగా చదువుతారు. ఇవాళ్టి విలువకు నిన్నటి విలువ కలిపే వ్యవస్థ షిఫ్ట్ ఇన్వేరియంటా? అవును. ఇవాళ్టి విలువను ఇవాళ్టి తేదీతో గుణించే వ్యవస్థ? కాదు. రెండు మార్కులు. తేదీని పట్టించుకోకపోవడం అంత గొప్ప గుణం ఎందుకైందో ఆ రెండు మార్కుల్లో ఎక్కడా ఉండదు. పాఠ్యపుస్తకాల మీద నాకున్న పాత కోపం ఇదే.

ఆ గుణం వల్ల వచ్చే లాభం చూద్దాం. ఊహాలెక్కే, కానీ చేసి చూస్తే తప్ప రుచి తెలియదు. ఒక రోజు వంద పాళ్ళ నీరు వదిలాం. మర్నాడు కింది చెరువుకు 50, ఆ మర్నాడు 30, ఆ పై రోజు 10 పాళ్ళు చేరాయి. మిగతా 10 పాళ్ళు ఎండకూ ఇంకుడుకూ పోయాయి. ఈ 50, 30, 10 వరసను ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. ఒక్క దెబ్బ కొడితే వ్యవస్థ ఇచ్చిన జవాబన్నమాట. ఇప్పుడు సోమవారం 100, మంగళవారం 200 వదిలితే ఏమవుతుంది? మళ్ళీ కాలువ దగ్గరికి పోయి కొలవక్కర్లేదు. సోమవారం నీళ్ళు మంగళ, బుధ, గురువారాల్లో 50, 30, 10గా వస్తాయి. మంగళవారం నీళ్ళు ఒక రోజు జరిగి, రెండింతలై, బుధ, గురు, శుక్రవారాల్లో 100, 60, 20గా వస్తాయి. నిలువునా కూడితే మంగళవారం 50, బుధవారం 130, గురువారం 70, శుక్రవారం 20. మొత్తం 270. వదిలిన 300లో పదో వంతు పోగా మిగిలింది కచ్చితంగా అంతే.

జరిపి, హెచ్చవేసి, కూడే ఈ పనిని కన్వల్యూషన్ అంటారు. హెచ్చవేసి కూడడానికి ఇంకో గుణం కూడా కావాలి. రెండింతలు పోస్తే రెండింతలు రావాలి, రెండు ఇన్‌పుట్లు కలిపి పోస్తే రెండు జవాబులూ కలిసి రావాలి. దాన్ని లీనియర్ అంటారు. ఈ రెండు గుణాలూ ఉన్న వ్యవస్థ గురించి ఒకే ఒక్క పరీక్షతో మొత్తం తెలిసిపోతుంది. రేపు ఎంత వదులుతారో, ఎల్లుండి మూసేస్తారో, నెలంతా ఎలా మార్చిమార్చి వదులుతారో, ఎన్ని రకాల ఇన్‌పుట్లున్నా అన్నిటికీ జవాబు ఆ మూడంకెల్లోనే ఉంది. తేదీ అడిగే వ్యవస్థకైతే ప్రతి రోజుకూ విడిగా ఒక వరస కొలుచుకోవాలి. ఏడాదికి 365 పట్టికలు.

నీళ్ళ ఉదాహరణ నేను తెచ్చిపెట్టుకున్నది కాదు. ఈ ఆలోచన డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ కంటే ముందే నీళ్ళ లెక్కల్లో ఉంది. 1932లో అమెరికా ఇంజనీరు లెరాయ్ షెర్మన్ యూనిట్ హైడ్రోగ్రాఫ్ అనే పద్ధతి ప్రకటించాడు. ఒక పరీవాహక ప్రాంతంలో నిర్ణీత వ్యవధిలో ఒక్క ప్రమాణం మిగులు వాన పడితే వాగులో నీటి ప్రవాహం గంటగంటకూ ఎలా పెరిగి తగ్గుతుందో ఒక గీత గీసుకో. ఆ తర్వాత ఏ వాన పడినా ఆ గీతనే జరిపి, హెచ్చవేసి, కూడుకో. ఇంపల్స్ రెస్పాన్స్ అనే మాట వాడకుండానే అతను చెప్పింది అదే. అదే దశాబ్దంలో ఒహాయో రాష్ట్రంలోని మస్కింగమ్ నది వరద లెక్కల కోసం ఇంకో పద్ధతి పుట్టింది. ఇవాళ బయటికి పోయే నీరు మూడింటి కలయిక అంటుంది అది: ఇవాళ లోపలికొచ్చినదానిలో కొంత, నిన్న లోపలికొచ్చినదానిలో కొంత, నిన్న బయటికి పోయినదానిలో కొంత. ఆ మూడు భాగాల గుణకాలూ కలిపితే ఒకటి. నేటి భాషలో ఇది మొదటి ఆర్డర్ రికర్సివ్ డిజిటల్ ఫిల్టర్. ఓపెన్‌హైమ్, షేఫర్‌ల డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ పుస్తకం వచ్చింది 1975లో. అప్పటికి నలభయ్యేళ్ళ నుంచే నీటిపారుదల ఇంజనీర్లు కాగితమ్మీద, స్లైడ్‌రూలు పట్టుకుని, ఫిల్టర్లు నడుపుతున్నారు. పేరు తెలియదంతే.

మన వైపుకు వస్తే, కుప్పం బ్రాంచి కాలువ దారిలో నింపాల్సిన చెరువులు వందకు పైనే ఉన్నాయి. రాయలసీమలో చెరువు ఒంటరిగా ఉండేది తక్కువ. పై చెరువు మొరవ పోతే ఆ నీరు వంకలో పడి కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే ఇంకో దానికి. వీటిని గొలుసుకట్టు చెరువులంటాం. 1957లో నాష్ అనే ఐర్లండ్ ఇంజనీరు నదీ పరీవాహకాన్ని సరిగ్గా ఇలాగే ఊహించుకున్నాడు. ఒకదాని కింద ఒకటి, అన్నీ ఒకేలాంటి తొట్లు. ప్రతి తొట్టి నుంచీ దానిలో ఉన్న నీటికి తగ్గ పాళ్ళలో బయటికి పోతుంటుంది. గొలుసుకట్టు చెరువులు ఆయన చూశాడో లేదో గానీ, చూసి ఉంటే తన సమీకరణం కట్టలు కట్టుకుని కూర్చుందనుకునేవాడు.

ఆ లెక్కను కొంచెం దగ్గరగా చూద్దాం. ప్రతి చెరువూ తనలో ఉన్న నీటిలో రోజుకు సగం కిందికి వదులుతుందనుకోండి. పై చెరువులో ఒకసారి వంద పాళ్ళు పడితే దాని నుంచి మర్నాటి నుంచీ 50, 25, పన్నెండున్నర... ఇలా వస్తాయి. రెండో చెరువు నుంచి వచ్చేది 25, 25, 18.75, 12.5. మూడోదాని నుంచి 12.5, 18.75, 18.75, 15.6. వచ్చింది అదే వంద. కానీ మొదటి చెరువు తూము దగ్గర 50గా కనిపించిన గరిష్ఠం మూడోదాని దగ్గరికొచ్చేసరికి 19కి లోపే. పదునుగా వచ్చిన దెబ్బను గొలుసు గుండ్రంగా అరగదీసింది.

ఇంకో ప్రయోగం. కాలువ నీరు ఎత్తిపోతల మీద వచ్చేది కదా, మోటార్లు ఒక రోజు ఆడి ఒక రోజు ఆగుతున్నాయనుకుందాం. 100, 0, 100, 0. సగటున 50, దాని మీద పైకీ కిందికీ 50 ఊగిసలాట. పై లెక్కలోని చెరువు ఒక్కొక్కటి ఈ రోజు మార్చి రోజు ఊగిసలాటను మూడో వంతుకు కోస్తుంది. సగటును ముట్టుకోదు. మొదటి చెరువు దాటాక ఊపు 50 నుంచి 17కు, రెండోది దాటాక 6 లోపుకు, మూడోది దాటాక 2 లోపుకు పడిపోతుంది. కింది ఆయకట్టు రైతుకు రోజూ 48, 52 మధ్య నీళ్ళొస్తుంటాయి. పైన మోటారు ఆగిందని అతనికి తెలియనే తెలియదు. అయితే ఊగే తాళం మారలేదు చూడండి. రోజు మార్చి రోజు ఊగేది కిందికొచ్చాక కూడా రోజు మార్చి రోజే ఊగుతోంది. లీనియర్, షిఫ్ట్ ఇన్వేరియంట్ వ్యవస్థ ఒక తరంగాన్ని చిన్నది చేయగలదు, పెద్దది చేయగలదు, ఆలస్యం చేయగలదు. దాని పౌనఃపున్యాన్ని మాత్రం మార్చలేదు, లేని పౌనఃపున్యాన్ని పుట్టించలేదు. మీ ఫోనులో పాటకు బేస్ పెంచి ట్రెబుల్ తగ్గించే ఈక్వలైజర్ నడిచేది ఈ నియమం మీదే. చెరువులు ట్రెబుల్ తీసేసి బేస్ ఉంచాయి.

మనసు ఒప్పుకోని ఫలితం ఇంకొకటి ఉంది. ఇలాంటి రెండు వ్యవస్థలను వరసలో పెడితే ఏది ముందు, ఏది వెనుక అన్నది అనవసరం. పెద్ద చెరువు పైన, చిన్న చెరువు కింద ఉన్నా, తారుమారు చేసినా ఆఖరి తూము దగ్గర వచ్చేది ఒకటే. కాగితమ్మీద నిజం. పుంగనూరు దగ్గరి నీరుగంటిని అడిగితే నవ్వుతాడు. ఎందుకంటే నిజం చెరువు నిండేదాకా మొరవ పోదు, నిండాక ఆగదు. రెండింతలు పోస్తే రెండింతలు రావాలన్న నియమం ఆ కట్ట దగ్గరే తెగుతుంది. చిన్న చెరువు పైన ఉంటే మొదటి వానకే మొరవ పోతుంది, పెద్దది పైన ఉంటే కిందివాళ్ళు పుష్యమాసం దాకా ఎదురుచూడాలి.

ఇక్కడ చాలామంది, కొందరు పంతుళ్ళతో సహా, రెండు విషయాలను కలిపేస్తారు. ఎండిన కాలువలో నీళ్ళు వదిలితే మొదటి రెండు రోజులు నేలే తాగేస్తుంది. తడిసిన కాలువలో వదిలితే జోరుగా పోతుంది. అదే నీరు, వేరే ఫలితం. కాబట్టి కాలువ షిఫ్ట్ ఇన్వేరియంట్ కాదు అనేస్తారు. తొందరపడకూడదు. కాలువ ఎండిపోయింది దేనివల్ల? నెల నుంచి మనం నీళ్ళు వదలకపోవడం వల్లయితే, ఆ సంగతి మన ఇన్‌పుట్ చరిత్రలోనే ఉంది. నెల ఖాళీ తర్వాత వచ్చిన వంద పాళ్ళు ఎప్పుడొచ్చినా, ఆ నెల ఖాళీతో సహా మొత్తం వరసను జరిపి చూస్తే, ఒకే ఫలితం రావచ్చు. అది జ్ఞాపకం, పైగా లీనియర్ కాని జ్ఞాపకం. తేదీ పట్టింపు కాదు. అలా కాకుండా, నీళ్ళు వదిలే తీరు ఒకటే అయినా మే నెలలో ఎండకు ఎక్కువ పోయి నవంబరులో తక్కువ పోతోందంటే, అప్పుడు కాలువ నిజంగానే క్యాలెండరు చూస్తోంది.

ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదు. కాలువకు మే నెలని ఎలా తెలుసు? తెలియదు. దానికి తెలిసింది ఎండ. ఎండను మనం ఇన్‌పుట్‌గా లెక్కలో రాసుకోలేదు, అందుకని అది తేదీ వేషం వేసుకుని వచ్చింది. తలుపు దగ్గరి నీటితో పాటు ఎండనూ గాలినీ వాననూ కూడా ఇన్‌పుట్లుగా రాసుకుంటే, అదే కాలువ మళ్ళీ తేదీ అడగని వ్యవస్థ అయిపోతుంది. నాలుగు ఇన్‌పుట్లనూ కలిపి ఆరు నెలలు జరిపితే ఔట్‌పుట్ ఆరు నెలలు జరుగుతుంది. అంటే ఈ గుణం వ్యవస్థలో ఎంత ఉందో, దాని చుట్టూ మనం ఎక్కడ కంచె వేశామన్నదానిలోనూ అంతే ఉంది. ఒక వ్యవస్థ తేదీ అడుగుతోందంటే మనం రాసుకోని ఇన్‌పుట్ ఏదో కంచె బయట నిలబడి ఉందని అనుమానించాలి. కట్టిన సిమెంటు ఏళ్ళ మీద పగిలిపోవడం, చెరువులో ఒండ్రు పేరుకోవడం లాంటివి ఉంటాయి, వాటిని ఏ ఇన్‌పుట్లోనూ ఇరికించడం కష్టం. అవి నిజమైన మార్పులు. మిగతా చాలావరకు రాసుకోని లెక్కలే.

ఈ తేడా పరీక్ష పేపరుకే పరిమితమైతే బాగుండేది. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కింది ఊళ్ళు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. చెయ్యేటిలో కలిసే బాహుదా మదనపల్లె వైపు కొండల్లో పుట్టేదే. ఆ నెలలో వాన మీద వాన పడి, నేల నానిపోయి, పైనున్న చెరువులన్నీ మొరవ పోతున్నాయి. అలాంటప్పుడు పడే ప్రతి చినుకూ వాగుకే పోతుంది. ఎండిన నేల మీద కొలిచిన యూనిట్ హైడ్రోగ్రాఫ్‌ను అప్పుడు జరిపి, హెచ్చవేసి, కూడితే వచ్చే అంకె అసలు వరద ముందు చాలా చిన్నది. అందుకే షెర్మన్ పద్ధతి వాడేవాళ్ళు మొత్తం వానను కాకుండా, నేల తాగగా మిగిలిన వాననే ఇన్‌పుట్‌గా తీసుకుంటారు. నేల తడిని బట్టీ తేదీని బట్టీ మారే భాగాన్నంతా ముందే విడదీసి పక్కన పెట్టి, మారని భాగానికి మాత్రమే కన్వల్యూషన్ కడతారు. కష్టమంతా ఆ విడదీయడంలోనే ఉంది.

ప్రకృతి సంగతి అలా ఉంచి, మనం చేతులారా చేసుకునే తప్పు ఒకటి ఉంది. దానికి మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోవాలి. అక్కడి ధరలు ఎంత ఎగిరిపడతాయో చెప్పక్కర్లేదు. 2023 జూలై ఆఖరున మొదటి రకం కిలో దాదాపు రెండువందలకు పోయింది, సెప్టెంబరుకల్లా పదీ పదిహేనులో పడిపోయింది. ఇలాంటి వరసను చూసి ధోరణి పట్టుకోవాలంటే సగటు తీయాలి. సగటు తీయడానికి రెండు దారులు.

మామూలు రోజుల్లో కిలో 20 ఉంది, ఒక మూడు రోజులు 90కి ఎగిరింది, మళ్ళీ 20 అయింది అనుకుందాం. సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికొక సగటు వేసే పట్టికలో ఇదెలా కనిపిస్తుంది? ఆ మూడు రోజులూ సోమ, మంగళ, బుధ అయితే ఆ వారం సగటు 50. పెద్ద వార్త. అవే మూడు రోజులు శని, ఆది, సోమ అయితే మొదటి వారం సగటు 40, రెండో వారం 30. చిన్న కదలిక. మండీలో జరిగింది ఒకటే, రైతు క్రేటుకు వచ్చిన డబ్బూ ఒకటే. పట్టికలో మాత్రం రెండు వేర్వేరు కథలు. వారం ఎక్కడ మొదలవుతుందన్న అనవసరపు విషయం ధరలోకి దూరిపోయింది. ఈ వారానికొక సగటు లీనియరే, కానీ షిఫ్ట్ ఇన్వేరియంట్ కాదు. అదే ప్రతి రోజూ గడిచిన ఏడు రోజుల సగటు వేసుకుంటూ పోతే, ఆ ఎగురుడు ఏ రోజు వచ్చినా గరిష్ఠం 50 దగ్గరే కనిపిస్తుంది, జరిగిన మేరకు జరుగుతుంది. చేసే కూడిక ఒకటే. రోజూ వేసి అన్నీ ఉంచుకుంటున్నామా, ఏడింటిలో ఆరు పారేస్తున్నామా అన్నదే తేడా. ఈ పారేయడాన్ని డౌన్‌శాంప్లింగ్ అంటారు.

కంప్యూటర్లు కూడా ఇదే గోతిలో పడ్డాయి. ఫొటోలో ఆవు ఉందో లేదో గుర్తుపట్టే కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్కుల మూల సూత్రమే తేదీ, చోటు అడగకపోవడం. ఆవు ఎడమ మూలనున్నా కుడి మూలనున్నా ఒకే ఫిల్టర్ దాన్ని పట్టుకోవాలి. 1980లో జపానులో కునిహికో ఫుకుషిమా నియోకాగ్నిట్రాన్ అని మొదలుపెట్టింది ఈ పనినే. మాట విషయంలో ఇదే సూత్రాన్ని 1989లో అలెక్స్ వైబెల్, జెఫ్రీ హింటన్ తదితరులు టైమ్ డిలే న్యూరల్ నెట్‌వర్కుగా ప్రకటించారు. పలికిన హల్లు ఏ క్షణాన మొదలైందో ముందే చెప్పకుండానే గుర్తుపట్టడం దాని పని. వైబెల్ చదివి పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాట గుర్తింపు పరిశోధనకు పునాది వేసినాయన మన పాత చిత్తూరు జిల్లావాడే, శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. సరే, ఫిల్టర్లు బాగానే ఉన్నాయి గానీ, లెక్క తగ్గించడానికి మధ్యమధ్యలో ప్రతి రెండో అంకెనూ పారేసే అలవాటు ఆ నెట్‌వర్కుల్లో పాతుకుపోయింది. ఫలితంగా ఫొటోను ఒక్క పిక్సెల్ పక్కకు జరిపితే జవాబు మారిపోయిన సందర్భాలు బయటపడ్డాయి. 2019లో రిచర్డ్ ఝాంగ్ అనే పరిశోధకుడు చూపించిన మందు పాత డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ పుస్తకాల్లోదే. పారేసే ముందు కాస్త సగటు తీసి నునుపు చెయ్యి. మొత్తం జబ్బు పోదు, చాలావరకు తగ్గుతుంది. టమోటా ధరల వారపు పట్టికలోనూ పారేసే ముందు ఇంకాస్త నునుపు చేస్తే ఆ తేడా తగ్గుతుంది.

తేదీ అడగకపోవడం సౌకర్యం కోసం కాదు, అది లేకపోతే పనే జరగదు అనే చోటు ఒకటి ఈ ప్రాంతంలోనే ఉంది. తిరుపతి, చిత్తూరు మధ్య గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. 130 మీటర్ల చదరంలో 1024 యాగీ ఏంటెన్నాలు ఆకాశం వైపు తిరిగి నిలబడి ఉంటాయి. అది పైకి పంపిన పల్సులో ఏ కొంచెమో గాలి పొరల్లోని తేడాలకు తగిలి వెనక్కి వస్తుంది. మైక్రోసెకను ఆలస్యంగా వచ్చిందంటే 150 మీటర్లు ఎక్కువ ఎత్తు నుంచి వచ్చిందని అర్థం. ప్రతిధ్వని ఎప్పుడొస్తుందో ముందు తెలియదు, తెలిస్తే రాడారే అక్కర్లేదు. కాబట్టి వినే ఫిల్టరు ఏ మైక్రోసెకనుకైనా ఒకేలా స్పందించాలి. పది కిలోమీటర్ల నుంచి వచ్చినదానికి ఒక రకంగా, పన్నెండు నుంచి వచ్చినదానికి ఒక రకంగా జవాబిస్తే, గాలి ఎక్కడ కదిలిందో, ఫిల్టరు ఎక్కడ తడబడిందో తేల్చుకోలేం.

ఇంకో చిక్కు. ఎత్తును సన్నగా విడదీసి చూడాలంటే పల్సు పొట్టిగా ఉండాలి, ప్రతిధ్వని వినబడాలంటే పల్సు పొడుగ్గా ఉండాలి. రెండూ కావాలంటే పొడుగు పల్సును ముక్కలు చేసి కొన్నిటి గుర్తు తిప్పి పంపుతారు. వినేచోట అదే గుర్తుల వరసతో జరుపుకుంటూ పోల్చి చూస్తారు. ప్లస్, ప్లస్, ప్లస్, మైనస్ అనే వరసను దానితోనే పోల్చండి. సరిగ్గా కుదిరినచోట 4 వస్తుంది. ఒక అడుగు జరిపితే 1, రెండడుగులకు 0, మూడడుగులకు మైనస్ 1. ఆ 1, మైనస్ 1 లేని చోట ఉన్నట్టు కనిపించే దొంగ ప్రతిధ్వనులు. ఇప్పుడు ప్లస్, ప్లస్, మైనస్, ప్లస్ తీసుకోండి. కుదిరినచోట 4, తర్వాత మైనస్ 1, 0, 1. రెండూ కూడితే 8, 0, 0, 0. దొంగలిద్దరూ ఒకరినొకరు తినేశారు. ఇలాంటి జంటలను మార్సెల్ గోలే 1949లో పరారుణ కిరణాల పరికరం కోసం కనిపెట్టాడు, గాదంకిలో వాటి పొడుగు రూపాలను వాడతారు. పెన్సిలు పట్టుకుని చేసి చూడండి, రెండు నిమిషాల పని.

జంటలో మొదటి పల్సుకూ రెండో పల్సుకూ మధ్య గాలి మారకూడదన్నది ఇక్కడి షరతు. మారితే దొంగలు పూర్తిగా చావరు. ఆ రెండిటి మధ్య ఎడం మిల్లీసెకను స్థాయిలోదే, అంత లోపల గాలి ఎక్కడికీ పోదు. గంటలో అయితే తుఫాను కూడా రావచ్చు. ఎంతసేపు అన్నది చెప్పకుండా షిఫ్ట్ ఇన్వేరియంట్ అనడం సగం మాటే. రాడారుకు ఆ గడువు మిల్లీసెకన్లలో ఉంటుంది, కాలువకు వారాల్లో, సిమెంటు కట్టిన కాలువకు నెలల్లో.

సిమెంటు అన్నాను కాబట్టి ఇంకొక్క మాట. హంద్రీ-నీవా కాలువకు లైనింగు చేస్తే ఇంకుడు తగ్గుతుంది, నేల తడి పొడి ప్రభావం తగ్గుతుంది, తలుపు ఎత్తితే ఎన్నో రోజుకు ఎంత నీరు చేరుతుందో ఇంజనీరు ఏ కాలంలోనైనా దాదాపు ఒకే పట్టికతో చెప్పగలడు. కుప్పంలాంటి కాలువ చివరి ఊళ్ళకు అది నిజంగా అవసరం. దారిలోని అనంతపురం, సత్యసాయి జిల్లాల రైతుల్లో చాలామంది మాత్రం లైనింగు వద్దన్నారు. మన ఊహాలెక్కలో వందకు 10 పాళ్ళు ఎండకూ ఇంకుడుకూ పోయాయని రాసుకున్నాం కదా, అందులో ఇంకుడు భాగం ఎక్కడికో పోలేదు, కాలువ గట్టు పక్క బోర్లలోకి దిగింది. కుప్పం వైపు నుంచి కంచె వేసినవాడి లెక్కలో అది నష్టం. గట్టు పక్క రైతు కంచెలో అదే ఇన్‌పుట్, దాని ఇంపల్స్ రెస్పాన్స్ రోజుల్లో కాదు, నెలల్లో సాగుతుంది. ఇలాంటి కాలువకు లైనింగు ఎక్కడెక్కడ చేయాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది తేల్చడానికి ముందు బోర్ల నీటిమట్టాన్ని కూడా కాలువ నీటితో కలిపి ఒకే పట్టికలో, రోజువారీగా, ఒక ఏడాది పాటు రాసిపెడితే బాగుంటుంది. వారానికొకసారి కాదు, రోజూ.